నలభై ఆరో నంబరు క్లిప్పు

రైల్వేలో ముప్పై నాలుగేళ్లు సిగ్నల్ మనిషిగా పనిచేసిన ఇద్రుస్ యాభై ఐదో ఏట ఉద్యోగం దిగి ఇంటికొచ్చి కూర్చున్నాడు. నెల తిరక్కుండానే ఆయన భార్య రొఖయాకు ప్రాణం విసిగిపోయింది. మధ్యాహ్నం పన్నెండూ నలభైకి అన్నం బల్ల మీద లేకపోతే గోడ గడియారం వైపు చూసేవాడు. మసాలా డబ్బాల మీద చీటీలు అంటించాడు. పక్కింటి కోడిపెట్ట ఎన్నింటికి కంచె దాటి వస్తోందో, ఎన్నింటికి తిరిగి పోతోందో కాగితం మీద రాయడం మొదలుపెట్టాక ఆవిడ ఇక ఊరుకోలేదు. బయటికి పోయి ఏదైనా వ్యాపకం వెతుక్కోండి, లేకపోతే నేనే పోయి ఎక్కడైనా పనిలో చేరతాను అంది.

అందుకని ఆదివారం పూట గాలం పట్టుకుని, మలేసియాలోని ఈపో ఊరవతల పాత తగరం గనుల గుంటల దగ్గరికి పోయేవాడు. గనులు మూతబడి ఎన్నేళ్లయిందో. మిగిలినవి నీళ్లు నిండిన గుంటలు, తెల్లటి ఇసుక మేటలు, నడుమెత్తు రెల్లు. అక్కడ ఒక పొద్దున గాలానికి చేప తగల్లేదు గానీ, నెత్తి మీదుగా ఒక ఎర్ర బొమ్మ విమానం పోయింది. బారెడు రెక్కలు, కందిరీగ రొద. వెనకాలే ఆముదం కాలిన వాసన దిగివచ్చి ముక్కుకు తగిలింది. అది తిరిగి వస్తుందేమోనని ఇద్రుస్ తలెత్తుకు కూర్చున్నాడు. తిరిగి వచ్చింది. మళ్లీ పోయింది. మధ్యాహ్నం దాకా ఆయన ఎర కూడా మార్చలేదు.

గుంట అవతల చదును చేసిన ఇసుక నేల, దాని పక్కన ఒక రేకుల షెడ్డు, అక్కడ ఆరేడుగురు మనుషులు కనిపించారు. వాళ్ల మధ్య గళ్ల చొక్కా ముసలాయన ఒకడు, విమానాన్ని నడిపే రేడియో పెట్టె మెడలో వేలాడుతుంటే దాని మీద రెండు బొటనవేళ్లూ ఆనించి ఆకాశం వైపు చూస్తున్నాడు. ఆయనే చోంగ్ మాస్టారు. చైనీస్ బడిలో నలభై ఏళ్లు ఫిజిక్స్ చెప్పి దిగిన మనిషి, డెబ్భై నాలుగేళ్లవాడు. ఎర్ర విమానం ఆయనదే. ఇద్రుస్ గాలం కర్రను సంకలో పెట్టుకుని వెళ్లి, ఇది నేర్చుకోవడానికి వయసు హద్దు ఏమైనా ఉందా అని అడిగాడు.

మాస్టారు ఆకాశం నుంచి చూపు తిప్పకుండానే, "ఉంది. పన్నెండేళ్లు నిండాలి. మీకు నిండినట్టే ఉన్నాయి," అన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి సంగతి చెబితే, చేపలు తెమ్మంటే గాలి మోసుకొచ్చారా అంది రొఖయా. అరవై ఏళ్లకు అక్షరాభ్యాసం అని ఇరుగుపొరుగు వాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు. ఇంట్లోంచి మనిషి కదిలాడు, ఆవిడకు అదే పదివేలు.

ఆ మైదానంలో అన్నిటికన్నా ముందు నేర్పే పాఠం ఎగరేయడం కాదు, క్లిప్పు. షెడ్డు గోడకు ఒక చెక్క పలక, దానికి మేకుల వరస, మేకులకు బట్టలారేసే చెక్క క్లిప్పులు, ఒక్కో క్లిప్పు మీద ఎర్ర రంగుతో ఒక నంబరు. ప్రతి రేడియో పెట్టెకూ తన నంబరు ఉంటుంది. ఒకే నంబరు పెట్టెలు రెండు ఒకేసారి వెలిగాయా, గాల్లో ఉన్న విమానానికి ఇద్దరు యజమానులు మాట్లాడినట్టే. అది ఎవరి మాటా వినదు, నేల కూలుతుంది. అందుకని నంబరుకు ఒక్కటే క్లిప్పు. దాన్ని పలక మీంచి తీసి, తన పెట్టె ఏరియల్ కొసకు తగిలించుకున్నవాడే పెట్టె వెలిగించాలి. తప్పినవాడు ఆరు నెలలు విమానం ముట్టకూడదని ఆ పలక కిందే మూడు భాషల్లో రాసి ఉంది.

ఇది విని ఇద్రుస్ పెద్దగా నవ్వాడు. ఇది మా టోకెనే కదండీ అన్నాడు. ఒంటి లైను మీద డ్రైవర్ చేతిలో టోకెన్ లేనిదే రైలు స్టేషన్ దాటకూడదు. సెక్షన్‌కి ఒక్కటే టోకెన్, దాన్ని చేతికిచ్చేవాడు ఇద్రుస్. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా లెక్క తప్పలేదు. ఆ మాట విని క్లబ్బు కార్యదర్శి సెల్వదురై మురిసిపోయాడు. సెల్వదురైకి కార్లు బాగుచేసే షెడ్డు ఉంది, నిబంధనల పుస్తకం ఎప్పుడూ సంకలో ఉంటుంది, దాన్ని చదివినవాడు లోకంలో తనొక్కడేనన్న బెంగ కూడా ఉంది. అప్పటినుంచి ఎవరు క్లిప్పు దగ్గర తడబడినా, ఇద్రుస్ అన్నను చూసి నేర్చుకోండయ్యా అని దెప్పేవాడు.

ఎగరేయడం మాత్రం అంత సులువుగా అబ్బలేదు. రెండు పెట్టెల మధ్య తీగ కట్టి, ఒకటి మాస్టారు పట్టుకుని, ఒకటి ఇద్రుస్‌కు ఇచ్చేవాడు. విమానం దూరంగా పోతున్నంతసేపూ బాగానే ఉండేది. వెనక్కి తిరిగి తన మీదికి వస్తుంటే కుడి ఎడమైపోయేది, ఎడమ కుడైపోయేది. కుడికి తిప్పుదామని పెట్టె మీది పుల్ల నెడితే అది ఎడమకు ఒరిగేది, కంగారుపడి ఇంకా నెడితే ఇంకా ఒరిగేది. అప్పుడు మాస్టారు తన మీట వదిలి విమానాన్ని తిరిగి తీసుకునేవాడు. ఒక్కనాడూ విసుక్కోలేదు. ఏ రెక్క కిందికి వాలుతోందో ఆ పక్కకే పుల్ల తొయ్యి, పడిపోబోతున్న రెక్క కింద చెయ్యి పెట్టినట్టు అనుకో అని చెప్పేవాడు. నాలుగో నెలలో ఒక ఆదివారం ఇద్రుస్ చెయ్యి ఆ మాటను అర్థం చేసుకుంది, బుర్ర కంటే ముందు. ఆ రోజు ఆయన ఇంటికి పాడుకుంటూ వచ్చాడు. పెళ్లయిన ముప్పై ఏళ్లలో ఆయన పాట వినడం రొఖయాకు అదే మొదలు, పాట బాగాలేదు గానీ ఆవిడకు బాగానే అనిపించింది.

తర్వాత ఐదు నెలలు వంటింటి బల్ల మీద సొంత విమానం కట్టాడు. బాల్సా అనే తేలిక చెక్క పొడి సంబల్ పచ్చడి గిన్నెలో పడేది. జిగురు వాసన అన్నానికి పట్టేది. అయినా ఆవిడ అడ్డు చెప్పలేదు. రెక్కల మీద పలచటి రంగు కాగితం పరిచి ఇస్త్రీపెట్టెతో అతికించాలి. ఇద్రుస్ రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ ముడతలు తేల్చాడు. రొఖయా ఆయన చేతిలోంచి ఇస్త్రీపెట్టె లాక్కుంది. ముప్పై ఏళ్లు మీ యూనిఫారం మడత నలగకుండా చేసింది ఎవరనుకున్నారు, పక్కకు జరగండి అంది. ఒక్క ముడత లేకుండా రెండు రెక్కలనూ తోకనూ తళతళలాడించింది. మాస్టారు ఆ రెక్కను వెలుతురుకు ఎత్తి చూసి, ఇది నీ పని కాదు అని ఒక్క మాటలో తేల్చేశాడు.

ఆ విమానం మొదటిసారి ఎగరాల్సిన ఆదివారం రొఖయా కూడా మైదానానికి వచ్చింది. అందరికీ కొబ్బరిపాల అన్నం, నాసి లెమాక్ పొట్లాలు కట్టి తెచ్చింది. అప్పటికి మాస్టారు నలభై ఆరు క్లిప్పు తన ఏరియల్‌కు తగిలించుకుని ఎర్ర విమానాన్ని గుంట మీద తిప్పుతున్నాడు. ఇద్రుస్ పెట్టె నంబరూ నలభై ఆరే. ఇద్దరూ ఒకేసారి ఎగరేసేది ఎటూ లేదు కదా, గురువు నంబరే నాకూ ఉండాలని కోరి మరీ కొనుక్కున్నాడు. మాస్టారు దిగాక క్లిప్పు తీసుకుని తను ఎగరేస్తాడు, అదీ ఏర్పాటు.

తమ కారు దగ్గర రొఖయా డిక్కీలోని కొత్త విమానం వైపు తొంగి చూసింది. "ఏదీ, తోక ఆడించండి చూద్దాం. నేను ఇస్త్రీ చేసింది కదులుతుందో లేదో నాకు తెలియొద్దూ?"

ఇద్రుస్ మహదానందంగా ఏరియల్ బయటికి లాగాడు. ఏరియల్ మడిచి పెట్టె వెలిగిస్తే లోపలి సరుకు మాడిపోతుందని మాస్టారు నేర్పిన పాఠం, అది మర్చిపోలేదు. మీట నొక్కాడు. పుల్ల కుడికి తోశాడు, తోక కుడికి తిరిగింది. ఎడమకు తోశాడు, ఎడమకు తిరిగింది. రొఖయా చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. మొత్తం పది లెక్కపెట్టేంత సేపు.

గుంట వైపు నుంచి ఇంజను రొద ఒక్కసారిగా కీచుమంది. సెల్వదురై ఎవర్నో కేకేశాడు. తర్వాత ఎండు కొబ్బరిమట్ట విరిగినట్టు చప్పుడు. ఇద్రుస్ తన ఏరియల్ కొస వైపు చూసుకున్నాడు. అక్కడ క్లిప్పు లేదు. మీట ఆపి, పెట్టెను డిక్కీలో పాత దుప్పటి కింద పెట్టాడు. దొంగ చెయ్యి దానంతటదే దాచేసింది.

మాస్టారు రెల్లులోంచి విరిగిన రెక్క పట్టుకుని నడిచి వచ్చాడు. నలభై ఆరు ఎవరి దగ్గరుందని సెల్వదురై గట్టిగా అడిగాడు. మాస్టారు దగ్గరే ఉంది, అందరికీ కనిపిస్తూనే ఉంది. ఇంకెవరైనా పెట్టె వెలిగించారా అని రెండోసారి అడిగాడు. ఎవరూ లేదన్నారు. ఇద్రుస్ తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ అడగను కూడా అడగలేదు. టోకెన్ మనిషిని ఎవరు అనుమానిస్తారు?

మాస్టారు తన రెండు చేతులూ ముందుకు చాచి, వాటిని పరాయివాళ్ల చేతుల్లా చూసుకున్నాడు. "మూడో మలుపులో నేను చెప్పింది వీటికి వినపడలేదు," అన్నాడు మెల్లగా. పొట్లం విప్పకుండానే కారెక్కి వెళ్లిపోయాడు.

మంగళవారం దాకా ఇద్రుస్ అన్నం సరిగా తినలేదు. నిలదీసి అడిగితే రొఖయాకు చెప్పేశాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "ఆ మీట నొక్కమన్నది నేను. సగం పాపం నాది. పదండి, ఇప్పుడే పోయి చెబుదాం," అంది. ఆయన ఆదివారం చెబుతానన్నాడు. ఆదివారం మాస్టారు రాలేదు. పై ఆదివారమూ రాలేదు. రానివాడికి ఏం చెబుతాను అని ఇద్రుస్ తనకు తాను సర్దిచెప్పుకున్నాడు. ఇల్లు తెలియదా, కాళ్లు లేవా అని రొఖయా అడిగినప్పుడల్లా చెట్లకు నీళ్లు పొయ్యాలంటూ పెరట్లోకి పోయేవాడు. నిజానికి ఆయన్ని పట్టి ఆపింది ఆరు నెలల శిక్ష కాదు. ఆదివారం పొద్దున్నే ఆ ఆముదం వాసన మధ్య తనను చూసి అన్నా అని పలకరించే ఆ మొహాలు మారిపోతాయేమోనన్న భయం. యాభై ఆరేళ్ల వయసులో దొరికిన ఆ చోటు పోతే ఇంకోటి దొరకదు.

మూడో వారం మాస్టారే కబురు పెట్టాడు, ఇంటికి రమ్మని.

ఇంటి వెనక వరండాలో మాస్టారి పనిచోటు. వెళ్లేసరికి అక్కడ అట్టపెట్టెలు సర్ది ఉన్నాయి. ఇంజన్లు ఒక దాంట్లో, చెక్కలు ఒక దాంట్లో, మరలు సీసాల్లో. అన్నీ క్లబ్బుకు ఇచ్చేస్తున్నానని చెప్పాడు. మధ్యలో బల్ల మీద ఒక పెద్ద పసుపు విమానం ఉంది. రెండేళ్లుగా కడుతున్నది, ఇంకా నేల విడవనిది. దాని ముక్కు మీద చెయ్యి వేసి మాస్టారు, ఇది నువ్వు తీసుకుపో అన్నాడు.

ఎందుకండీ అని అడిగాడు ఇద్రుస్.

మాస్టారు బడిలో పాఠం చెప్పినట్టే వివరించాడు. పడిపోయిన విమానంలోంచి రేడియో తీసి పరీక్ష చేశాడట, బాగుంది. బ్యాటరీ బాగుంది. తోకనూ రెక్కనూ తిప్పే చిన్న మోటార్లు బాగున్నాయి. "అన్నీ తీసేస్తే మిగిలింది నేను. లెక్క తేలిపోయింది. డెబ్భై నాలుగేళ్లవాడి చెయ్యి గాల్లో తడబడితే రెక్క విరుగుతుంది, రేపు ఎవరి తలో విరుగుతుంది. అందాకా ఎందుకు?"

అప్పుడు చెప్పాడు ఇద్రుస్. కారు, డిక్కీ, రొఖయా, ఏరియల్, పది లెక్కపెట్టేంత సేపు, దుప్పటి, ఏదీ దాచకుండా చెప్పి తల దించుకున్నాడు. తిట్టినా కొట్టినా సరే, భారం దిగింది అనుకున్నాడు.

మాస్టారు తిట్టలేదు. చిరునవ్వు నవ్వి ఇద్రుస్ భుజం తట్టాడు. పోయిన వారం సెల్వదురై వచ్చి గాలి సుడి కొట్టిందన్నాడట, ఆ రోజు ఆకు కూడా కదల్లేదు. అంతకుముందు క్లబ్బులోని పళ్ల డాక్టరు వచ్చి డేగ తగలడం కళ్లారా చూశానన్నాడట, ఆయన కళ్లద్దాలు లేనిదే డేగనూ కోడినీ పోల్చలేడు.

"ఇప్పుడు నువ్వు. అన్నిట్లోకీ నీదే బాగుంది ఇద్రుస్, కష్టపడి అల్లావు. మీరంతా మంచివాళ్లు."

"అబద్ధం కాదు మాస్టారూ. ఒట్టు."

"క్లిప్పు లేకుండా నువ్వు పెట్టె వెలిగించావా? ముప్పై నాలుగేళ్లు టోకెన్ ఇచ్చినవాడివి. సరే, వెలిగించావే అనుకో. వెలిగించినవాడివి మూడు వారాలు నోరు మూసుకుంటావా? నువ్వు అలాంటి మనిషివా?"

చూశారా, ఇన్నేళ్ల మంచిపేరు ఎక్కడ అడ్డం తగిలిందో. నేను అలాంటి మనిషినే అని ఒప్పించడానికి ఇద్రుస్ ఒక గంటసేపు బతిమాలాడు. లోకంలో దొంగలు దొర వేషం కట్టడానికి పడే పాట్లు ఉంటాయి గానీ, నేనే దొంగనని నమ్మించడానికి ఇంత యాతన పడినవాణ్ణి ఈపోలో ఎవరూ చూసి ఉండరు. ఎంత చెబితే మాస్టారు అంత మెత్తగా తల ఊపాడు, ఏమీ నమ్మలేదు. ఆ మెత్తదనమే ఇద్రుస్‌ను కోసేసింది.

చివరికి ఇద్రుస్ లేచి నిలబడి, "మీరు బడిలో పిల్లలకు ఏం చెప్పేవారు? చూడకుండా నమ్మకండి, చూడకుండా కాదనకండి అని కాదూ? ఆదివారం రండి. అందరి ముందూ మళ్లీ చేసి చూపిస్తాను," అన్నాడు.

మాస్టారి చెయ్యి పసుపు విమానం ముక్కు మీంచి కదల్లేదు. సరే అన్నాడు.

ఆదివారం పొద్దున షెడ్డు ముందు ఇద్రుస్ అందరికీ సంగతి చెప్పాడు. పళ్ల డాక్టరు నేల చూపులు చూశాడు. సెల్వదురై కూడా నమ్మలేదు. ఇద్రుస్‌ను పక్కకు లాగి, ఐడియా బ్రహ్మాండంగా ఉందన్నా, నాకు తట్టలేదే అని చెవిలో గుసగుసలాడాడు. ఇద్రుస్‌కు ఒళ్లు మండిపోయింది.

పరీక్ష ఏర్పాటు మాస్టారే చేశాడు. పడిపోయిన విమానంలోని రేడియోను, బ్యాటరీని, చిన్న మోటార్లను ఒక చెక్క పళ్లెంలో బిగించి తెచ్చాడు. మోటార్లకు చేతుల్లాంటి తెల్ల పుల్లలు ఉన్నాయి. సెల్వదురై మాస్టారి పెట్టె పట్టుకుని, నలభై ఆరు క్లిప్పుతో, ఆ రోజు మాస్టారు నిలబడ్డ చోటే నిలబడాలి. ఇద్రుస్ కారు డిక్కీ దగ్గర ఉండాలి. పళ్లెం మాస్టారే పట్టుకుని గుంట అవతల, విమానం కూలిన చోటికి పోతాడు. ఇంకొకరి కళ్లతో చూసింది ఆయనకు అక్కర్లేదు. ఆయన తువ్వాలు ఊపగానే ఇద్రుస్ వెలిగించాలి. ఒకవేళ పుల్లలు కదలకపోతే ఇక ఎవరూ తన ఇంటికి వచ్చి కథలు చెప్పకూడదని మాస్టారు అందరి దగ్గరా మాట తీసుకున్నాడు.

రెల్లు మధ్య నుంచి తువ్వాలు ఊగింది. ఇద్రుస్ ఏరియల్ లాగి మీట నొక్కి పది లెక్కపెట్టాడు. గుంట అవతల మాస్టారు కదలకుండా నిలబడి ఉన్నాడు. ఇంకో పది లెక్కపెట్టాడు. మాస్టారు తువ్వాలు దించి అడ్డంగా ఊపాడు. ఏమీ కాలేదు.

నిజం చెప్పాలి కదా, ఆ క్షణంలో ఇద్రుస్ గుండెలో ఒక మూల తేలికైంది. అయితే నా తప్పు కాదేమో అనుకుంది ఆ మూల. మరుక్షణం రెల్లులో వంగిపోతున్న మాస్టారి భుజాలు కనిపించాయి, అలా అనుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయాడు. పక్కన రొఖయా ఆయన మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఆ రోజు ఆయన విమానం నేల మీద ఉందా, గాల్లో ఉందా?" అని అడిగింది ఆవిడ.

ఇద్రుస్ పెట్టె ఆపి, గుంట చుట్టూ పరుగెత్తాడు. యాభై ఆరేళ్లవాడు, ఇసుకలో, లుంగీ మడిచి కట్టుకుని. మాస్టారు ఎదురు వస్తున్నాడు. రొప్పుతూ ఆగి, ఆ రోజు విమానం గాల్లో ఉంది మాస్టారూ, ఇవాళ మీరు నేల మీద నిలబడ్డారు అన్నాడు. ఫిజిక్స్ చెప్పినవాడికి ఆ మాట విడమరచి చెప్పాలా? నేల మీద రేడియో తరంగం పాకుతుంది, ఎత్తున దూరం పరుగెత్తుతుంది. మాస్టారికి ముందే తోచి ఉంటుంది. ఆశపడటానికి భయపడి ఉంటాడు. ఒక్క నిమిషం ఇద్రుస్ మొహంలోకి చూసి, వెనక్కి తిరిగి ఇసుకమేట ఎక్కడం మొదలుపెట్టాడు. రెండంతస్తుల ఎత్తు మేట అది. రెండుసార్లు జారాడు. చెయ్యి అందివ్వబోతే వద్దన్నాడు. పళ్లెం మాత్రం గుండెలకు హత్తుకునే ఉన్నాడు.

ఇద్రుస్ మళ్లీ పరుగెత్తి కారు దగ్గరికి వచ్చాడు. మేట మీద తువ్వాలు ఊగింది. మీట నొక్కాడు.

కారు దగ్గర్నుంచి పళ్లెంలో పుల్లలు కనిపించవు. కనిపించింది మాస్టారు. పళ్లెం మీదికి వంగి చూస్తున్న ఆయన తల ఒక్కసారిగా వెనక్కి పోయింది. ఆయన తువ్వాలు దించాడు, ఇద్రుస్ ఆపాడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ వెలిగించాడు. ఎత్తాడు, దించాడు, ఎత్తాడు. ఎన్నిసార్లో. ప్రయోగానికి మూడుసార్లు చాలు. మాస్టారికి చాల్లేదు. ఏడో సారో ఎనిమిదో సారో ఇసుకమేట మీద ఉన్నవాడు ఉన్నట్టే కూర్చుండిపోయి, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

కిందికి దిగి వచ్చేసరికి అందరూ గుంట గట్టు మీద చేరారు. పుల్లలు రెండూ పూనకం వచ్చినట్టు కొట్టుకున్నాయని, ఎటు తిప్పాలో వాటికే తెలియలేదని మాస్టారు అందరికీ చెప్పాడు, ఒకే మాట మూడుసార్లు. చెబుతున్నప్పుడు తన చేతులను ఒకదాంతో ఒకటి రుద్దుకుంటూనే ఉన్నాడు.

సెల్వదురై మొహం మాడిపోయింది. నిబంధనల పుస్తకం తీశాడు గానీ తెరవలేదు. తనే వచ్చి ఒప్పుకున్నాడు, పెద్దమనిషి, పైగా మొదటి తప్పు, ఒక నెలతో సరిపెడదామా అని అందరి వైపూ చూశాడు. అందరూ తలూపారు.

"కుదరదు," అన్నాడు మాస్టారు. "ఆరు నెలలు. ఒక్క రోజు తగ్గినా ఒప్పుకోను."

అందరూ నిర్ఘాంతపోయారు. ఇద్రుస్‌కు మాత్రం వెంటనే అర్థమైంది. తప్పు నిజమైతే శిక్ష కూడా నిజంగా పడాలి. నెలతో పోతే ఇదీ ఒక డేగే, ఇదీ ఒక గాలి సుడే. ఆరు నెలలు అని ఆయనా అన్నాడు, జీతం పెరిగినవాడిలా. సెల్వదురై పుస్తకంలో రాశాడు, ఇద్రుస్ సంతకం పెట్టాడు. పక్కనే సాక్షిగా రొఖయా కూడా పెట్టింది, సగం పాపం నాది కాబట్టి ఆరు నెలలు నేనూ ఇస్త్రీ ముట్టను అంది. మూడు వారాల తర్వాత మాస్టారు నవ్వడం అప్పుడు చూశారు అందరూ.

భోజనాలయ్యాక మాస్టారు తన కారులోంచి పసుపు విమానం దించాడు. వస్తూ దాన్ని ఎందుకు వేసుకొచ్చాడో ఎవరూ అడగలేదు. ఇద్రుస్‌కు రెక్క కూడా ముట్టే హక్కు లేదు కాబట్టి, పళ్ల డాక్టరు రెక్కలు బిగించాడు, సెల్వదురై ఇంజను తిప్పాడు. మాస్టారు వెళ్లి నలభై ఆరు క్లిప్పు తెచ్చుకున్నాడు. ఇద్రుస్ షెడ్డు నీడలో రొఖయా పక్కన బెంచీ మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు.

విమానం ఇసుక మీద కొంచెం పరుగెత్తి లేచింది. గుంట మీదుగా పోయి, సున్నపు కొండల వైపు తిరిగి, ఎదురుగా వచ్చింది. మూడో మలుపు దగ్గర ఎవరూ ఊపిరి తీసుకోలేదు. అది గిన్నె అంచు తుడిచినట్టు నున్నగా తిరిగింది. మాస్టారు దాన్ని అక్కడే ఇంకో నాలుగుసార్లు తిప్పాడు, అదే మలుపు, అదే ఎత్తు. ఇద్రుస్ కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. ఆరు నెలలు కాదు, ఆరేళ్లు వేసినా ఈ బెంచీ మీద ఇలాగే కూర్చునేవాణ్ణి అనుకున్నాడు. కడుపు నిండింది ఆయనకు.

తర్వాత మాస్టారు దాన్ని దించడానికి తెచ్చాడు. కొత్త విమానం, బరువైనది, అలవాటు లేనిది. ఎత్తు కొంచెం ఎక్కువైంది. నేలకు దభీమని తగిలి ఎగిరింది, మళ్లీ తగిలి ఎగిరింది, మూడోసారి ముక్కు ఇసుకలో గుచ్చుకుని తోక పైకి లేచి నిలబడిపోయింది. ముందున్న చెక్క పంకా రెండు ముక్కలైంది.

పళ్ల డాక్టరు నోరు తెరవబోయి మూసుకున్నాడు. ఇద్రుస్ బెంచీ మీంచి సగం లేచాడు. మాస్టారు నడిచి వెళ్లి, విరిగిన ముక్కలు రెండూ ఏరుకుని, తిరిగి వాళ్ల వైపు చూశాడు. అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూశాడు.

"ఈ తప్పు మాత్రం నాదే," అన్నాడు. "ఎవరూ వచ్చి తీసుకోవద్దు."